సమూయేలుకు తప్పు కాని ఉన్నత స్థలం రాజులకు ఎందుకు తప్పయింది?

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్పుకుంటాను. సమూయేలు ఉన్నత స్థలానికి వెళ్లి, బలిని ఆశీర్వదించి, అక్కడే భోజనం చేశాడు. సొలొమోను గిబియోనులోని ఉన్నత స్థలంలో వెయ్యి దహనబలులు అర్పిస్తే దేవుడు అక్కడే కలలో కనిపించి ఏం కావాలో కోరుకోమన్నాడు. తీరా రాజుల గ్రంథంలోకి వస్తే, హిజ్కియాకు ముందు మంచివాళ్లు అనిపించుకున్న యూదా రాజులందరికీ ఒకే మచ్చ: ఉన్నత స్థలాలను తీసివేయలేదు. ఒకే పని ఒకరికి భక్తి, మరొకరికి అపరాధం ఎలా అయింది? అసలు ఆ కాలపు మనుషులు ఆరాధనా స్థలం అంటే ఏమనుకున్నారు?

హెబ్రీ భాష, పాత నిబంధన ఇరవై ఏళ్లకు పైగా పాఠం చెబుతున్నాను. ఏటా ఎవరో ఒకరు ఇదే అడుగుతారు. అడగని ఏడాది పిల్లలు పుస్తకం సరిగ్గా చదవలేదేమోనని అనుమానం వస్తుంది.

సూటిగా చెప్పాలంటే, సమూయేలు కాలంలో అది తప్పు కాదు. ఒక్కచోటనే బలి అర్పించాలన్న నియమం యూదా రాజ్యంలో గట్టిగా అమలైంది క్రీ.పూ. 7వ శతాబ్దం చివర్లో, యోషీయా రాజు కాలంలో. రాజుల గ్రంథాన్ని కూర్చినవారు ఆ నియమం గెలిచిన తరువాత వెనక్కి తిరిగి చూసి అందరికీ మార్కులు వేశారు. చరిత్ర దృష్టితో చదివేవారిలో ఎక్కువమంది అభిప్రాయం ఇదే. సంప్రదాయ వివరణ వేరుగా ఉంది. యూదు రబ్బీలు ఈ చిక్కును ఎప్పుడో గమనించారు. మందిరానికి ముందు ఆరాధన జరిగిన గుడారం షిలోహులో ఉన్నంతకాలం మిగతా బలిపీఠాలు నిషిద్ధమనీ, షిలోహు పోయాక మళ్లీ అనుమతి వచ్చిందనీ, యెరూషలేము మందిరం కట్టాక శాశ్వతంగా నిషిద్ధమయ్యాయనీ మిష్నాలో (రబ్బీల ధర్మశాస్త్ర సంకలనంలో) లెక్క తేల్చారు. ఆ లెక్కకు ప్రవక్త ఏలీయా అడ్డుపడతాడు. ఆయన సంగతి తరువాత.

ముందు ఆ మాట దగ్గరే చాలామంది తడబడతారు. హెబ్రీలో 'బామా', బహువచనం 'బామోత్'. మన తెలుగు బైబిలులో 'ఉన్నత స్థలములు' అని ఉండడంతో కొండ కొన మీద ఒంటరి రాయి, చుట్టూ చెట్లు, ఎవరూ చూడకుండా జరిగే ఏదో తంతు కళ్లముందు మెదులుతుంది. కానీ మొదటి సమూయేలు 9వ అధ్యాయం నింపాదిగా చదవండి. సౌలు తప్పిపోయిన గాడిదలను వెతుక్కుంటూ ఒక ఊరికి వస్తాడు. నీళ్లకు వెళుతున్న అమ్మాయిలు, ఈ రోజు ఉన్నత స్థలంలో బలి ఉంది, సమూయేలు వచ్చి ఆశీర్వదించేదాకా ఎవరూ తినరు, త్వరగా వెళ్లండి అని దారి చూపిస్తారు. అక్కడ ముప్పై మంది దాకా కూర్చుని తినే భోజనశాల ఉంది, వంటవాడు ఉన్నాడు, ముఖ్య అతిథి కోసం తీసిపెట్టిన మాంసం ఉంది. ఇది ఊరి జాతర వాతావరణం. వేరేచోట పట్టణ ద్వారం పక్కన బామా ఉంది, యెరూషలేము కింద లోయలో కూడా ఉంది. ఎత్తు కంటే అక్కడ జరిగే పనే దాన్ని బామాగా చేసింది.

ఆ పని ముఖ్యంగా భోజనం. దీన్ని గ్రహించకపోతే మిగతాదంతా అర్థం కాదు. ఈనాటి మనకు ఆరాధన అంటే పాట, ప్రార్థన, ప్రసంగం. వాళ్లకు ఆరాధన అంటే ఒక పశువు. దహనబలిలో చర్మం తప్ప మొత్తం కాలిపోయి పొగగా పైకి వెళుతుంది. సమాధానబలిలో కొవ్వు, రక్తం దేవునికి, కొంత యాజకుడికి, మిగతాది తెచ్చిన కుటుంబానికి. ఎల్కానా ఏటేటా షిలోహుకు వెళ్లి భార్యలకూ పిల్లలకూ వాటాలు పంచింది ఈ మాంసమే. హన్నా ఏడ్చి తినకుండా లేచిపోయింది ఈ పంక్తి నుంచే. ఏలీ కొడుకుల పాపం కూడా వంటకు సంబంధించినదే: ఉడుకుతున్న కుండలో మూడు మొనల కొంకి గుచ్చి పైకి వచ్చినదంతా పట్టుకుపోవడం చాలక, కొవ్వు దేవునికి కాల్చకముందే పచ్చి మాంసం లాక్కున్నారు. దేవునికంటే ముందు తమ వాటా తీసుకున్నారన్నది అసలు నేరం.

బలిపీఠం ఎలా ఉండాలో నిర్గమకాండం 20వ అధ్యాయం చివర చెబుతుంది. మట్టితో కట్టండి, రాళ్లతో కడితే ఉలి తగలనివ్వకండి, మెట్లు పెట్టకండి. ఆ వెంటనే, నా నామాన్ని జ్ఞాపకం చేయించే ప్రతి స్థలంలోనూ నేను నీ దగ్గరకు వచ్చి ఆశీర్వదిస్తానని దేవుడు అంటాడు. 'ప్రతి స్థలంలోనూ' అన్న మాట కింద గీత గీసి పెట్టుకోండి. దేవుడు ఒకసారి ఎదురుపడిన చోట మనిషి గుర్తు నిలుపుతాడు, ఆ గుర్తు దగ్గరకు దేవుడు మళ్లీ వస్తాడు. యాకోబు కథ మొత్తం ఇంతే. తలకింద పెట్టుకున్న రాయిని పొద్దున్నే నిలబెట్టి, నూనె పోసి, ఆ చోటుకు బేతేలు అని పేరు పెట్టాడు. బేత్ అంటే ఇల్లు, ఏల్ అంటే దేవుడు. అలా నిలబెట్టిన రాయిని 'మస్సేబా' అంటారు. తమాషా ఏమిటంటే ద్వితీయోపదేశకాండం 16వ అధ్యాయం మస్సేబాను నిలబెట్టవద్దంటుంది, అది దేవునికి అసహ్యమంటుంది. ఆ లెక్కన యాకోబు కూడా దోషే.

ఇవన్నీ గ్రంథంలోని మాటలు. మట్టిలో ఏం దొరికిందో చూస్తే బొమ్మ ఇంకా స్పష్టమవుతుంది. నాకు అన్నింటికంటే ఇష్టమైన చోటు అరాదు. యూదా దక్షిణపు అంచున, ఎడారి మొదలయ్యే దగ్గర ఒక రాజకోట ఉండేది. 1960లలో యోహానాన్ అహరోని తవ్వకాలు జరిపితే, ఆ కోట గోడల లోపల ఒక చిన్న గుడి బయటపడింది. ముందు ముంగిలి, అందులో చెక్కని రాళ్లతో, మట్టితో కట్టిన బలిపీఠం. దాని కొలత దాదాపు ఐదు మూరల చదరం, నిర్గమకాండం 27లో ఉన్న కొలతే. ముంగిలి దాటితే అడ్డంగా ఒక గది, దాని వెనుక గోడలో చిన్న గూడు. గూటికి వెళ్లే మెట్ల దగ్గర రెండు సున్నపురాతి ధూపవేదికలు, లోపల నిలబెట్టిన రాయి. విగ్రహం లేదు. ఆ కోటలోనే దొరికిన ఒక కుండపెంకు ఉత్తరంలో, ఫలానా మనిషి యెహోవా మందిరంలో ఉన్నాడన్న కబురు ఉంది. అది ఈ గుడా, యెరూషలేము మందిరమా అన్నది వాదించుకోవచ్చు. కానీ ఒక సంగతి మాత్రం స్పష్టం: యెరూషలేము రాజు కట్టించిన కోటలో, ఆయన జీతం తినే సైనికులు, యెరూషలేము కాని చోట యెహోవాకు బలులు అర్పించారు. చాటుమాటు వ్యవహారం కాదు, సర్కారీ గుడి.

ఆ రెండు ధూపవేదికల మీద మసి అంటుకుని మిగిలిపోయింది. దాన్ని పరీక్షించిన ఫలితాలు 2020లో అచ్చయ్యాయి. ఒకదాని మీద జంతువుల కొవ్వుతో కలిపి కాల్చిన సాంబ్రాణి, అరేబియా దక్షిణ కొస నుంచి ఒంటెల మీద రావలసిన ఖరీదైన సరుకు. రెండోదాని మీద పేడతో కలిపి కాల్చిన గంజాయి. పేడ ఎందుకంటే, సన్నటి సెగ మీద నిదానంగా పొగ రావడానికి. ఈ మాట క్లాసులో చెప్పిన రోజు వెనక బెంచీలు కూడా నిద్రలేస్తాయి. గ్రంథంలోని ధూపద్రవ్యాల జాబితాలో గంజాయి లేదు. చేసినదంతా రాయలేదు, రాసినదంతా అన్నిచోట్లా చేయలేదు.

ఇక యెరూషలేము మందిరం. దానికి హెబ్రీలో వాడే మాటలే దాని అర్థాన్ని చెబుతాయి. ఒకటి 'బయిత్', ఇల్లు. రెండోది 'హేఖాల్'. ఇది సుమేరు భాషలో పెద్ద ఇల్లు అనే అర్థమున్న 'ఎ-గల్' నుంచి అక్కదు భాష మీదుగా వచ్చింది. హెబ్రీలో రాజభవనానికీ మందిరానికీ ఇదే మాట. అంటే అది భక్తులు కూడే సభామందిరం కాదు, ఒక రాజుగారి నివాసం. ఇంట్లో ఉండవలసినవన్నీ ఉన్నాయి: దీపం, బల్ల, బల్ల మీద వారానికోసారి మార్చే పన్నెండు రొట్టెలు, సువాసన, ఉదయం సాయంత్రం భోజనం.

లోపలి అమరిక తెలుగువాళ్లకు విడమరచి చెప్పనక్కరలేదు. ముందు మండపం, మధ్యలో పొడవైన గది, చివర చీకటి గర్భగుడి. సొలొమోను మందిరం 60 మూరల పొడవు, 20 మూరల వెడల్పు, అంటే సుమారు 27 మీటర్లకు 9 మీటర్లు. మన పెద్ద దేవాలయాల ముందు చిన్నదే. వెనుక గది 20 మూరల ఘనచతురస్రం. ఈ నమూనా ఇశ్రాయేలీయుల సొంతం కూడా కాదు. సిరియాలోని ఐన్ దారాలో ఇదే అమరికతో ఒక గుడి ఉండేది. గడపరాళ్ల మీద మీటరు పొడవున్న పాదముద్రలు చెక్కారు, దేవుడు లోపలికి నడిచి వెళ్లినట్టు. 2018 జనవరిలో వైమానిక దాడిలో అది చాలా భాగం ధ్వంసమైంది.

గర్భగుడితో పోల్చినప్పుడు రెండు తేడాలు మరిచిపోకండి. మన గుళ్లో గర్భగుడి దర్శనం కోసం ఉంటుంది, తెర తీస్తే భక్తుడు చూస్తాడు. అక్కడ ఎవరూ చూడరు. ప్రధాన యాజకుడు ఒక్కడే, ఏడాదికి ఒక్క రోజు, అది కూడా ధూపం పొగ కమ్మిన తరువాతనే లోపలికి వెళ్లాలి. రెండోది, లోపల మూర్తి లేదు. పదేసి మూరల ఎత్తున్న కెరూబులు అనే రెక్కల ప్రాణుల రూపాలు రెండు, రెక్కలు చాచి ఉంటాయి, వాటి కింద మందసం, అంటే దేవుని ఒడంబడిక పెట్టె. చుట్టుపక్కల దేశాల్లో రాజులు రెక్కల జంతువుల సింహాసనం మీద కూర్చున్న బొమ్మలు చాలా దొరికాయి. ఇక్కడ సింహాసనం ఉంది, కూర్చున్నవాడు కనబడడు. ఆ ఖాళీయే వాళ్ల దేవుని రూపం.

మరి దేవుడు నిజంగా ఆ గదిలో ఉంటాడని నమ్మారా? నమ్మారు, ఆ నమ్మకంతో పోట్లాడారు కూడా. మందిర ప్రతిష్ఠ రోజున సొలొమోను ప్రార్థనలోనే, ఆకాశ మహాకాశాలు పట్టజాలని నిన్ను నేను కట్టిన ఈ ఇల్లు ఎలా పట్టగలదు అన్న మాట ఉంది. ద్వితీయోపదేశకాండం అందుకే జాగ్రత్తగా, దేవుడు అక్కడ తన నామాన్ని ఉంచుతాడంటుంది. యాజక సంప్రదాయం మాత్రం మహిమ దిగివచ్చి గుడారాన్ని నింపిందంటుంది. నిర్గమకాండం 25:8ను చూడండి: నాకు పరిశుద్ధస్థలాన్ని కట్టండి, నేను 'వారిలో' నివసిస్తాను. దానిలో అని లేదు. ఈ ధోరణులన్నీ ఒకే సంపుటిలో పక్కపక్కనే ఉన్నాయి, కూర్చినవారు ఏదీ కొట్టివేయలేదు. నేను కూడా వాటికి రాజీ కుదర్చను.

పరిశుద్ధత అనే మాటను మంచితనం అని అర్థం చేసుకుంటే లేవీయకాండం బోధపడదు. విద్యుత్తులాంటిది అనుకుంటే కొంత నయం. మందసం జారిపోకుండా పట్టుకున్న ఉజ్జా మంచి ఉద్దేశంతోనే చెయ్యి చాపి చచ్చిపోయాడు. అందుకే గుడారంలో మెట్టుమెట్టుగా హద్దులు: బయట ముంగిలిలో ఇత్తడి, లోపల బంగారం, బయట అందరూ, లోపల యాజకులు, చివర ఒక్కడు. యాకోబ్ మిల్‌గ్రోమ్ అనే పండితుడు దీనికి మంచి వివరణ ఇచ్చాడు. మనం పాపపరిహారార్థబలి అని అనువదించే బలిలో రక్తాన్ని పాపి మీద చల్లరు, బలిపీఠం కొమ్ములకు పూస్తారు. శుభ్రపడేది స్థలం. సామాన్యుడి తప్పు బయటి బలిపీఠాన్ని మైలపరుస్తుంది, సమాజమంతా చేసిన తప్పు లోపలి ధూపవేదిక దాకా పాకుతుంది, తెలిసి తెగించి చేసినది అతి పరిశుద్ధ స్థలంలోకే చేరుతుంది. ప్రాయశ్చిత్త దినాన లోపలి గది దాకా వెళ్లి కడిగేది ఈ పేరుకున్న మైలనే. కడగకపోతే ఏమవుతుంది? ఇంటి యజమాని లేచి వెళ్లిపోతాడు. యెహెజ్కేలు 10, 11 అధ్యాయాల్లో మహిమ గడప దాకా వచ్చి, తూర్పు ద్వారం దగ్గర ఆగి, ఊరికి తూర్పున ఉన్న కొండ మీదికి చేరడం చదవండి. ప్రవక్త దృష్టిలో క్రీ.పూ. 586 ప్రాంతంలో బబులోను సైన్యం కాల్చింది ఖాళీ ఇంటిని.

ఇప్పుడు మీ అసలు చిక్కు, ఏలీయా దగ్గర మొదలుపెడదాం. కర్మెలు కొండ మీద ఆయన కొత్త బలిపీఠం కట్టలేదు, పడిపోయిన యెహోవా బలిపీఠాన్ని బాగుచేశాడు. తరువాతి అధ్యాయంలో హోరేబు కొండ దగ్గర ఆయన మొర: ఇశ్రాయేలీయులు నీ బలిపీఠాలను పడగొట్టారు. బహువచనం. సొలొమోను మందిరం కట్టి అప్పటికే తరాలు గడిచాయి. అయినా బలిపీఠాలను కూల్చడం ఏలీయా దృష్టిలో మతద్రోహం. ఒక శతాబ్దానికి పైగా గడిచాక హిజ్కియా చేసింది అదే కూల్చివేత, దానికి పేరు సంస్కరణ.

ఆ కాలపు మామూలు మనిషి ఈ సంస్కరణను ఎలా చూశాడో గ్రంథమే ఒక శత్రువు నోట చెప్పించింది. క్రీ.పూ. 701లో అష్షూరు సైన్యాధికారి రబ్షాకే యెరూషలేము గోడ కింద నిలబడి జనానికి వినబడేలా హెబ్రీలో అరుస్తాడు: మా దేవుడు యెహోవాను నమ్ముకున్నాం అంటారా, ఆయన ఉన్నత స్థలాలనూ బలిపీఠాలనూ తీసేయించింది మీ హిజ్కియాయే కదా? ప్రచారయుద్ధంలో ఆరితేరిన మనిషి. గోడ మీద ఉన్నవాళ్లలో ఆ కోపం లేకపోతే ఈ మాట ఎత్తడు.

తవ్వకాలు కూడా ఏదో జరిగిందనే చెబుతున్నాయి. బెయేర్షెబాలో కొమ్ముల బలిపీఠం రాళ్లు విడివిడిగా ఒక గిడ్డంగి గోడలో దొరికాయి, ఎవరో విప్పి మామూలు రాళ్లలా వాడేశారు. (ఆ రాళ్లు చక్కగా చెక్కినవి. ఉలి తగలకూడదన్న నియమం ఆ ఊరికి చేరలేదు కాబోలు.) అరాదు గుడిని పగలగొట్టకుండా, వేదికలను పక్కకు పడుకోబెట్టి మట్టితో కప్పారు, పెద్దలను పూడ్చినట్టు. లాకీషులో మర్యాద చూపలేదు. పట్టణ ద్వారం పక్కనున్న ఆరాధన గదిలో వేదికల కొమ్ములు నరికి, మూలన మరుగుదొడ్డి రాయి పెట్టారు. పరీక్షిస్తే దాన్ని ఎవరూ వాడిన జాడ లేదు, అవమానం కోసమే పెట్టారన్నమాట. వీటిని హిజ్కియా పనులతో ముడిపెట్టవచ్చా అన్నదానిపై పురావస్తు పండితులు ఇంకా తగువులాడుతూనే ఉన్నారు. ఎందుకంటే యెరూషలేముకు ఏడు కిలోమీటర్ల లోపే, మోట్సాలో 2012లో ఒక పెద్ద గుడి బయటపడింది. తవ్వినవారి లెక్క ప్రకారం అది హిజ్కియా తరువాత కూడా నడిచింది.

కారణాలు ఒకటి కాదు. ఉత్తర రాజ్యం క్రీ.పూ. 722 ప్రాంతంలో కూలిపోయి శరణార్థులు దక్షిణానికి వచ్చారు. 701లో అష్షూరువాళ్లు పల్లెటూళ్లను, వాటితోపాటు వాటి గుళ్లను నాశనం చేశారు, యెరూషలేము ఒక్కటే మిగిలింది. మిగిలినదే దేవుడు కోరుకున్నది అని అనిపించడం సహజం. కానుకలూ దశమభాగాలూ ఒకే చోటికి రావడం రాజుకు నష్టం కాదని కూడా గుర్తుంచుకుందాం. ఊరికో యెహోవా ఉంటే కలిగే గందరగోళం కూడా నిజమే. క్రీ.పూ. 800 ప్రాంతపు కుంతిల్లెత్ అజ్రూద్ రాతల్లో 'షోమ్రోను (సమరయ) యెహోవా', 'తేమాను యెహోవా' అని వేర్వేరుగా కనిపిస్తారు, పక్కన 'అతని అషేరా' (ఒక దేవతో, ఆమె గుర్తో) కూడా. ద్వితీయోపదేశకాండంలో యెహోవా ఒక్కడే అన్న మాటకూ, స్థలం ఒక్కటే అన్న మాటకూ చుట్టరికం ఉంది.

యోషీయా తన ఏలుబడి 18వ ఏట, క్రీ.పూ. 622లో, మందిరంలో దొరికిన గ్రంథం పేరుతో ఈ పనిని పూర్తి చేశాడు. గెబా నుంచి బెయేర్షెబా వరకు ఉన్నత స్థలాలన్నీ అపవిత్రం చేశాడు. వాటి యాజకులను యెరూషలేముకు రప్పించాడు, కానీ వాళ్లకు బలిపీఠం ఎక్కే హక్కు దక్కలేదు, తోటివారితో కలిసి పులియని రొట్టె తినడం వరకే.

దీని ఫలితం గురించి చాలా పుస్తకాలు రెండు వాక్యాల్లో దాటేస్తాయి, నాకు అదే పెద్ద సంగతి. అంతవరకు పశువును కోయడమంటే బలి అర్పించడమే. లేవీయకాండం 17 ఇప్పటికీ అలాగే చెబుతుంది: ఎద్దునో మేకనో గుడారం ద్వారం దగ్గరకు తేకుండా వధిస్తే రక్తం చిందించిన దోషం. ఊరి బలిపీఠం పోయి, గుడి మూడు రోజుల నడక దూరమైతే, మాంసం తినాలనిపించినవాడు ఏం చేయాలి? ద్వితీయోపదేశకాండం 12 జవాబిస్తుంది: దుప్పినీ జింకనూ తిన్నట్టే మీ ఊళ్లోనే కోసుకుని తినండి, రక్తాన్ని మాత్రం నీళ్లలా నేలమీద పారబోయండి. మాంసం తొలిసారిగా మామూలు తిండి అయింది. 14వ అధ్యాయంలో ఇంకో వెసులుబాటు: దూరం ఎక్కువైతే దశమభాగాన్ని అమ్మి, డబ్బు మూటగట్టుకుని వెళ్లి, అక్కడ ఎద్దునో గొర్రెనో ద్రాక్షారసమో కొనుక్కోండి. సమూయేలు భోజనశాల, ఎల్కానా వాటాలు, నీళ్లకు వెళ్లే అమ్మాయిలు చెప్పే దారి, ఆ లోకం అక్కడితో ముగిసింది. పవిత్రమైన చోటు ఊరి నుంచి రాజధానికి తరలిపోయింది, ఊరికి మిగిలింది పాఠం, ప్రార్థన, పండుగల ప్రయాణం. బబులోను చెరలో మందిరమే లేకుండా బతకవలసి వచ్చినప్పుడు అదే అక్కరకు వచ్చింది.

ఇంతా చేసి అందరూ విన్నారా అంటే, లేదు. సమరయులకు గెరిజీము కొండ మీద వేరే గుడి ఉండేది. దక్షిణ ఈజిప్టులో నైలు నది మధ్య ఎలిఫెంటైన్ లంకలో యూదా సైనికుల స్థావరం ఒకటి ఉండేది, వాళ్లకు యెహోవా గుడి, అందులో దహనబలులు. క్రీ.పూ. 410లో పక్కనే ఉన్న ఖ్నూము దేవుని పూజారులు దాన్ని కూల్పించారు. ఖ్నూముది పొట్టేలు రూపం, వీళ్లు కోసేది గొర్రెలు, తగువుకు అది కూడా ఒక కారణమని చాలామంది ఊహ. మూడేళ్ల తరువాత వాళ్లు యూదా అధిపతి బగోహికి తిరిగి కట్టుకోనివ్వమని రాసిన అర్జీ దొరికింది. అంతకుముందు యెరూషలేము ప్రధాన యాజకుడికి రాస్తే ఆయన జవాబే ఇవ్వలేదని అందులో వాపోయారు. బగోహి, సమరయ అధిపతి కొడుకు దెలాయా కలిసి పంపిన అనుమతి చిన్న చీటీ: పూర్వం ఉన్న చోటే కట్టుకోండి, ముందులాగే నైవేద్యం, ధూపం అర్పించండి. అర్జీలో వాళ్లు అడిగిన మూడింటిలో దహనబలి మాట మాత్రం అందులో లేదు.